ఆరు గంటల ప్లేట్

ల్యాబ్‌లో చేరిన మొదటి వారం నాకు పని నేర్పిన మనిషి బ్యాక్టీరియా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దాన్ని పెంచే గుండ్రటి ప్లేట్ మూత ఎలా తెరవాలో మాత్రమే చెప్పాడు. పూర్తిగా తీయకూడదు. ఒక పక్క నుంచి బొటనవేలంత ఎత్తాలి, పని కాగానే దించాలి, ఆ కాసేపూ మాట్లాడకూడదు. వారం రోజులు ఖాళీ ప్లేట్ల మూతలు ఎత్తుతూ దించుతూ కూర్చున్నాను. డిప్లొమా చేసి వచ్చినదాన్ని, లోపల రోషంగానే ఉండేది. శనివారం నాడు ఆయన నా పక్కన నిలబడి కాసేపు చూసి, "ఇగ పర్వాలె. మూత నీ మాట ఇంటుంది" అన్నాడు.

ఆయన్ని ఆసుపత్రిలో అందరూ చాచా అనేవాళ్లు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. కరీంనగర్‌లో పాత బజారు వెనక గల్లీలో పుట్టి అక్కడే పెరిగిన మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ. అన్నదమ్ములంతా బట్టల దుకాణంలో కూర్చుంటే ఈయన ఒక్కడే మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు. నేనేమో గోదావరి పక్కన బొగ్గుగనుల కాలనీలో పెరిగాను. మా బాపు గనిలో సర్దార్. మనుషులు పనిలోకి దిగకముందే వెళ్లి గాలి బాగుందో లేదో చూసి రావడం ఆయన పనుల్లో ఒకటి. నా పని గురించి చెబితే మా బాపుకు వెంటనే అర్థమైంది. "నువ్వు సుత ముందుగాల పోయి చూసి చెప్పేదానివే అన్నట్టు" అన్నాడు.

ఆ రోజుల్లో మా పని చాలా నిదానంగా జరిగేది. జ్వరం తగ్గని మనిషి రక్తం ఒక సీసాలో వచ్చేది. సీసాలో బ్యాక్టీరియాకు తిండి ఉంటుంది. రక్తంలో బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. పెరిగిందని తెలిశాక ఒక చుక్క తీసి ప్లేట్ మీద గీస్తాం. మర్నాటికి ప్లేట్ మీద ఆవగింజల్లా చుక్కలు లేస్తాయి. వాటిని తీసి ఇంకో ప్లేట్ నిండా పరుస్తాం. దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. ఇంకో రోజు వెచ్చగా ఉంచితే, పనిచేసే మందు చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయని మందు దగ్గర బ్యాక్టీరియా బిళ్లను ఆనుకుని మరీ పెరుగుతుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి, టేబుల్‌తో పోల్చి, ఏ మందు పనిచేస్తుందో ఏది చేయదో రాసి పంపుతాం. అన్నీ కలిపితే మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు.

"మనం డాక్టర్లం కాదు బిడ్డా" అనేవాడు చాచా. "సున్నాలు కొలిచేటోళ్లం. గానీ మన సున్నా తప్పితే డాక్టర్ సుత తప్పుతడు."

ఆ నాలుగు రోజుల్లో రోగికి మందు ఇవ్వరా అంటే, ఇస్తారు. అనుభవం కొద్దీ, అంచనా కొద్దీ ఇస్తారు. చాలాసార్లు అంచనా నిజమవుతుంది. కొన్నిసార్లు కాదు.

నేను చేరిన రెండో సంవత్సరం ఖానాపూర్ దగ్గరి ఊరి నుంచి ఒక బాలింత వచ్చింది. కాన్పయిన వారానికి జ్వరం పట్టుకుంది. అక్కడా ఇక్కడా రెండు చోట్ల చూపించి, అప్పటికే రెండు రకాల సూదులు వేయించుకుని మా దగ్గరికి వచ్చారు. నేను ఆమెను చూడనేలేదు. మేము రోగుల్ని చూడం, సీసాలనే చూస్తాం. నేను చూసింది ఆమె తల్లిని.

మా ల్యాబ్‌కు రిపోర్టులు ఇచ్చే ఒక అద్దాల కిటికీ ఉంది. అద్దంలో చెయ్యి పట్టేంత సందు. ఆ తల్లి మొదటి రోజు పొద్దున్నే వచ్చి సందు దగ్గరికి వంగి అడిగింది.

"బిడ్డా, నా పిల్లకు ఏ మందు పనిజేస్తదో మీ దగ్గర డబ్బల ఉన్నదట గద?"

వార్డులో నర్సు ఎవరో అలా చెప్పినట్టున్నారు. ప్లేట్లను వెచ్చగా ఉంచే మా ఇంక్యుబేటర్‌నే ఆమె డబ్బా అంటోంది. అబద్ధమేం కాదు.

"ఉన్నది పెద్దమ్మా. ఇంక పెరగాలె. రెండు మూడు రోజులైతది."

"జర జల్ది తియ్యరాదు?"

"తీస్తే రాదు పెద్దమ్మా. అది పెరిగినంకనే తెలుస్తది."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. సాయంత్రం మళ్లీ వచ్చింది. మర్నాడూ అంతే. అడిగేది కాదు. కిటికీ దగ్గర నిలబడి ఇంక్యుబేటర్ వైపు చూసేది. మా ఊళ్లలో పొయ్యి మీద ఎసరు పెట్టి, కాగిందా లేదా అని చూస్తుంటారే, అలా. పత్తి ఏరి ఏరి ఆమె వేళ్ల చివర్లు చీలికలుగా ఉండేవి. ఆ వేళ్లను అద్దం సందు అంచు మీద పెట్టి నిలబడేది. నాకు ఆ వేళ్లు కనబడుతుంటే చేతిలో పని సాగేది కాదు. చాచా లేచి వెళ్లి ఆమెకు ఒక స్టూల్ ఇచ్చి వచ్చాడు.

మూడో రోజు సాయంత్రం ఆమె రాలేదు. నాలుగో రోజు పొద్దున ప్లేట్ తీశాను. మూడు మందుల చుట్టూ బ్యాక్టీరియా దట్టంగా పెరిగింది. బయట వేయించుకున్న రెండూ, ఇక్కడి వార్డులో ఇస్తున్నదీ, ఆ మూడే. నాలుగో బిళ్ల చుట్టూ మాత్రం పెద్ద ఖాళీ, అద్దంలా శుభ్రంగా ఉంది. పాత మందు, అన్ని వార్డుల బీరువాల్లోనూ ఉండేదే. కొలిచి, రాసి, వార్డుకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి నిన్న సాయంత్రమే పోయిందని చెప్పారు.

పదకొండు గంటలకు ఆ తల్లి కిటికీ దగ్గరికి వచ్చింది. చంకలో పసిగుడ్డు. ఇంటికి బయల్దేరుతున్నారు.

"ఆ కాయిదం ఇయ్యి బిడ్డా. నా పిల్లది. మీ దగ్గరెందుకు?"

ఇచ్చాను. ఆమె తిప్పి తిప్పి చూసింది. చదవడం రాదు.

"ఏం రాసిండ్రు?"

అందులో ఏం రాసిందో నాకు తెలుసు. నేనే రాశాను. "ఏం లేదు పెద్దమ్మా. జ్వరం పెద్దగున్నదని రాసిండ్రు" అన్నాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

నేను చెప్పింది దయో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఊళ్లో చదువు వచ్చిన ఎవరైనా ఆ కాగితం ఆమెకు చదివి వినిపించి ఉంటారని మాత్రం ఎన్నోసార్లు అనుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు సీసాల్ని తనే కనిపెట్టుకుని ఉండే యంత్రం వచ్చింది. సీసాలో బ్యాక్టీరియా పెరగ్గానే మోగుతుంది. దాంతో కొంత సమయం కలిసొచ్చింది. కానీ మోగిన తర్వాత మా రెండు ప్లేట్లు, రెండు రోజులు అలాగే ఉన్నాయి.

ఆ సమయంలోనే మా విభాగానికి కొత్త డాక్టర్ మేడం వచ్చింది. హైదరాబాద్ ఆమె. మాట తక్కువ. వచ్చిన నెలకు మా ఇద్దరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి ఒకటి చెప్పింది. సీసా మోగగానే అందులో ద్రవాన్నే నేరుగా ప్లేట్ మీద పరిచి మందు బిళ్లలు పెట్టేయాలి. పెట్టిన ఆరు గంటలకు ఒకసారి, ఎనిమిది గంటలకు ఇంకోసారి తీసి కొలవాలి. దానికి వేరే టేబుల్ ఉంది. అది ఏ బ్యాక్టీరియానో ఆ పూటే తేల్చడానికి మేడం వేరే పరీక్షలు చేస్తుంది. పొద్దున సీసా మోగితే ఆ సాయంత్రానికే ఏ మందో చెప్పొచ్చు. కొత్త యంత్రాలేం అక్కర్లేదు. అవే ప్లేట్లు, అవే బిళ్లలు, అదే స్కేలు.

నాకు ఒళ్లు జల్లుమంది. చాచా ముఖం మాత్రం ముడుచుకుంది.

"మేడం, అన్నం ఉడకక ముందే మెతుకు పట్టి చూస్తమంటున్నరు. ఉడికిందా లేదా చూడాలంటే ముందు ఉడకాలె గద."

"సగం ఉడికినా తెలిసేవి కొన్ని ఉంటాయి" అంది మేడం. "తెలిసేవే రాద్దాం. తెలియనివి ఆపుదాం."

"ఆగుడు ఎవరికొస్తది?" అన్నాడు చాచా.

రిపోర్టులు పంపకుండా ముందు కొన్ని నెలలు సరిచూసుకుందామని మేడం చెప్పింది. నేను ఆరు గంటలకూ ఎనిమిది గంటలకూ కొలిచి ఒక పుస్తకంలో రాసేదాన్ని. చాచా పాత పద్ధతిలో రెండు రోజుల తర్వాత కొలిచి ఇంకో పుస్తకంలో రాసేవాడు. నా పుస్తకం ముట్టుకునేవాడు కాదు. శనివారం మేడం రెండూ పక్కపక్కన పెట్టి చూసేది. ఎక్కువసార్లు కలిసేవి. కలిసిన ప్రతిసారీ నేను చాచా వైపు చూసేదాన్ని. ఆయన ప్లేట్లు కడగడంలో మునిగిపోయినట్టు ఉండేవాడు.

ఒకసారి కలవలేదు. ఆరు గంటలకు నేను 'పనిచేస్తుంది' అని రాసిన మందు చుట్టూ తెల్లారేసరికి సన్నటి చుక్కలు లేచి ఉన్నాయి. ఖాళీ కుంచించుకుపోయింది. నా అంకె టేబుల్‌లో పనిచేస్తుందనే గీతకు కొంచెం కింద ఉంది. ఆ కొంచెం ఏముందిలే అని పైకి జరిపి రాశాను. చాచా దెప్పిపొడుస్తాడనుకున్నాను. ఆయన ప్లేట్ తెచ్చి నా ముందు పెట్టి, పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"గీ సున్నాల ఒక మనిషి పండుకొని ఉన్నడనుకో. ఇప్పుడు కొలువు."

ఆ ఆదివారం మంచిర్యాలలో ఉంటున్న మా బాపుతో ఫోన్‌లో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. ఆయన గనిలో దీపం గురించి చెప్పాడు. గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి మంట తగ్గించిన దీపాన్ని పైకప్పు దాకా ఎత్తుతారు. గ్యాస్ ఉంటే మంట మీద నీలంగా టోపీలా కనబడుతుంది.

"ఒక్కోపారి ఉన్నట్టే ఉంటది, లేనట్టే ఉంటది" అన్నాడు బాపు. "గప్పుడు మేము ఉన్నదనీ రాసేది కాదు, లేదనీ రాసేది కాదు. మనుషులను బయటనే ఆపి, జరసేపాగి మళ్ల పోయి చూసేది. పైనుంచి మేనేజర్ ఒర్రుతనే ఉంటడు, బొగ్గు ఆగిపోయిందని. ఒర్రనీ."

మేడం ఇచ్చిన టేబుల్‌లో 'పనిచేస్తుంది'కీ 'చేయదు'కీ నడుమ ఒక జాగా వదిలి ఉంటుంది. అప్పటిదాకా అది నాకు అడ్డంగా కనబడేది. ఫోన్ పెట్టేశాక టేబుల్ తీసి ఆ నడిమి జాగాలను ఎర్ర పెన్సిల్‌తో నింపి గోడకు అంటించాను.

మరుసటి వేసవికి ఆరు గంటల రిపోర్టులు వార్డులకు పంపడం మొదలైంది. చాచా వాటి మీద సంతకం చేసేవాడు కాదు. అవి నా పేరుతోనే వెళ్లేవి.

మే నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం. కరీంనగర్‌లో మే అంటే తెలుసు కదా, కూలర్ కూడా వేడిగాలే కొడుతోంది. చాచా మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తి, "ఫ్యాన్ బంద్ చెయ్ బిడ్డా, చలి పెడ్తుంది" అన్నాడు. తమాషాకు అంటున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయనకు షుగర్ ఉంది. అంతకుముందు రెండుసార్లు కిడ్నీలో రాయి వచ్చింది. నాలుగు రోజులుగా మూత్రంలో మంట ఉందట, ఎవరికీ చెప్పలేదు.

రక్తం తీశారు. సీసా మీద నేను పేరు రాయబోతే పెన్ను లాక్కున్నాడు. "నీ రాత వంకర" అని తన పేరు తనే రాసుకుని, వీల్ చైర్ వద్దని మెట్లెక్కి రెండో అంతస్తులో చేరాడు.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు నేను తలుపు తీసేసరికి యంత్రం మోగుతోంది. ఆ వంకర లేని రాత ఉన్న సీసాయే. రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూశాను. గులాబీ రంగు పుల్లల్లా బ్యాక్టీరియా, లెక్కలేనంత. వార్డుకు ఫోన్ చేశాను. ఏడున్నరకు ప్లేట్ మీద పరిచి బిళ్లలు పెట్టాను. ఆ రోజు మేడం పని మీద హైదరాబాద్ వెళ్తోంది. బయల్దేరేముందు ఒక గంట ల్యాబ్‌లో కూర్చుని తన పరీక్షలు మొదలుపెట్టి, ఎలా చూడాలో నాకు చెప్పి, ఏదున్నా ఫోన్ చేయమని వెళ్లింది.

పదిన్నరకు మెట్ల మీద చాచీ ఎదురైంది. చాచా భార్య. చేతిలో టిఫిన్ డబ్బా, మూత కూడా తీసినట్టు లేదు.

"బీపీ పడిపోతుందంటున్నరు బేటీ. ఏమన్న తెలిసిందా?"

ఖానాపూర్ తల్లి వేళ్లు గుర్తొచ్చాయి. ఈసారి తప్పించుకోలేదు.

"ఇంక తెల్వలె చాచీ. ఒకటిన్నరకు చూస్త. అప్పుడు సుత అన్నీ తెల్వకపోవచ్చు. తెలిసినంత వచ్చి చెప్త."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "సరే. నువ్వు చెప్పెదాంక నేను ఎవల్ని అడగ" అంది.

ఒకటిన్నరకు ప్లేట్ తీశాను. రాత్రి నుంచి ఆయనకు ఎక్కుతున్న మందు చుట్టూ ఖాళీ అన్నదే లేదు. బ్యాక్టీరియా బిళ్ల అంచు దాకా పెరిగింది. అమికాసిన్ అనే పాత మందు చుట్టూ పెద్ద ఖాళీ, అనుమానం లేదు. ఇక మెరోపెనెం. వార్డుల్లో పెద్ద మందు అంటారు దాన్ని. దాని చుట్టూ ఖాళీ ఉంది, కానీ అంచు మసకగా ఉంది. మిల్లీమీటర్ల స్కేలు పెట్టాను. పధ్నాలుగు. ప్లేట్ కాస్త వంచి చూస్తే పదిహేను. మళ్లీ పెడితే పధ్నాలుగు. గోడ మీది టేబుల్‌లో పధ్నాలుగు ఎర్ర పెన్సిల్ జాగాలో ఉంది, పదిహేను 'పనిచేస్తుంది' వైపు ఉంది.

వార్డు డాక్టర్ తనే ల్యాబ్‌కు దిగి వచ్చి ప్లేట్ చూశాడు. చిన్నవాడు, రెండు రోజులుగా నిద్ర లేని మొహం.

"ఇప్పుడిస్తున్నది పని చేయట్లేదా? అనుకున్న. ఇంకేమున్నయి?"

"అమికాసిన్ పనిచేస్తది సార్. అది పక్కా."

"ఆయనకు షుగర్ ఉంది. క్రియాటినిన్ పొద్దుటికే పెరిగింది. అమికాసిన్ ఇస్తే కిడ్నీలు దెబ్బతింటయేమోనని నా భయం. మెరోపెనెం చెప్పండి. అది పనిచేస్తదని ఒక్కమాట చెప్తే చాలు, ఇప్పుడే పెడత."

చెప్పాలనే ఉంది. పదిహేను అని రాస్తే నన్నెవరూ అడగరు. ఆయన కిడ్నీలు మిగులుతాయి. నా చెయ్యి కూడా పదిహేను అనే అంటోంది. రెండు నిమిషాల్లో చెప్తానని, డాక్టర్ వెనకే పైకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు తెలియదు. చాచీకి మాటిచ్చాను కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను.

చాచా కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. నా చెప్పుల చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"ఎంతొచ్చింది?"

ఒక్కొక్కటే చెప్పాను. మెరోపెనెం దగ్గర ఆగాను. ఫోన్‌లో ఫోటో చూపించబోతే మొహం పక్కకు తిప్పాడు.

"ఫోటో మీద కొలువద్దు. నువ్వెంత కొలిసినవ్?"

"ఒకపారి పధ్నాలుగు. ఒకపారి పదిహేను."

"పదిహేను ఎట్లొచ్చింది?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నా కోసం వచ్చింది" అన్నాడు. "అది సున్నా కాదు బిడ్డా, నా మీదున్న నీ పానం. రాయకు. రెండు గంటలైనంక మళ్ల చూడు."

తర్వాత డాక్టర్ వైపు తిరిగి, "సార్, తెలిసినదాంతోని మొదలుపెట్టున్రి. తెల్వనిది ఆపున్రి" అన్నాడు. మేడం ఏడాది క్రితం అన్న మాటే. అప్పుడు ఒప్పుకోని మనిషి.

డాక్టర్ కిడ్నీల డాక్టర్‌తో మాట్లాడాడు, హైదరాబాద్ వెళ్లిన మేడంతో మాట్లాడాడు. బరువు చూసి, మోతాదు లెక్క కట్టి అమికాసిన్ పెట్టారు. సెలైన్ పెంచారు. మూత్రం ఎంత వస్తోందో గంటగంటకూ రాయమని నర్సుకు చెప్పారు. నేను చాచీ దగ్గరికి వెళ్లి తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాను. ఆమె విని, అప్పుడు టిఫిన్ డబ్బా తెరిచి రెండు ముద్దలు తింది.

మూడున్నరకు ప్లేట్ మళ్లీ తీశాను. వంచి చూడాల్సిన అవసరం రాలేదు. మసకగా ఉన్న అంచు లోపలికి జరిగింది, దాని మీద పొగమంచులా పెరుగుదల కనబడుతోంది. మెరోపెనెం పనిచేయదు. రెండు గంటల ముందు నేను పదిహేను రాసి ఉంటే ఆయనకు ఆ మందే ఎక్కుతూ ఉండేది. అందరం నిశ్చింతగా ఉండేవాళ్లం. ఇంక్యుబేటర్ తలుపు మూసి, వార్డుకు ఫోన్ చేసి చెప్పాను.

మూడో రోజుకు జ్వరం దిగింది. కానీ డాక్టర్ భయపడ్డట్టే కిడ్నీల అంకెలు వారం పాటు పెరుగుతూ పోయాయి. ఆ వారం నాకు సరిగా తిండి ఎక్కలేదు. డయాలిసిస్ మాట కూడా వచ్చింది. ఎనిమిదో రోజు అంకె పెరగడం ఆగింది, తర్వాత మెల్లగా దిగింది. పూర్తిగా పాత చోటికి మాత్రం రాలేదు, ఇప్పటికీ రాలేదు. పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. రెండు నెలలకు డ్యూటీలో చేరాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

వచ్చీ రాగానే తన ప్లేట్ తీసిపెట్టానా అని అడిగాడు. ప్లేట్లను అలా ఉంచుకోం, వాటి మీద పెరిగినదాన్ని నియమం ప్రకారం నాశనం చేస్తాం. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. పుస్తకం మాత్రం చూపించాను. ఆరు గంటల అంకె, ఎనిమిది గంటల అంకె, రెండు రోజుల తర్వాత పాత పద్ధతిలో తీసిన అంకె. వేలు పెట్టి మూడింటినీ చదివాడు. నువ్వన్నదే నిజమైంది అని గానీ, నేనన్నదే నిజమైంది అని గానీ అనలేదు. మధ్యాహ్నం మేడం దగ్గరికి వెళ్లి రిపోర్టు ఫారం మార్చాలన్నాడు. పనిచేస్తుంది, చేయదు అని రెండే గడులున్నాయి, మూడోది కావాలి. పేరేం పెడదామని మేడం అడిగితే, "ఇంక తెల్వలె అని పెట్టున్రి. ఉన్నమాట" అన్నాడు. మేడం నవ్వి, కాస్త పుస్తక భాషలోకి మార్చి పెట్టింది. ఆ రోజు నుంచి ఆరు గంటల రిపోర్టుల మీద ఆయన కూడా సంతకం చేసేవాడు.

ఖానాపూర్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి గురించి నేను చాలాసార్లు లెక్క వేసుకున్నాను. ఈ పద్ధతి అప్పుడు ఉండి ఉంటే రెండో రోజు సాయంత్రానికి మందు తెలిసి ఉండేది. అప్పటికి ఆమెకు ప్రాణం ఉంది. కానీ వచ్చేటప్పటికే ఒంట్లో ఎంత మిగిలిందో నాకేం తెలుసు? బతికేదని అనుకుంటే నాకు నిద్ర పట్టదు. బతికేది కాదని అనుకుంటే, ఆ అనుకోవడం నా సుఖం కోసమేనేమో అనిపిస్తుంది.

చాచా పోయినేడాది రిటైరయ్యాడు. ఈ జనవరిలో ఆదిలాబాద్‌లో ఒక చిన్న ల్యాబ్ వాళ్లు ఈ పద్ధతి నేర్పమని మేడంను అడిగారు. ఇన్నాళ్లూ అక్కడి నుంచి సీసాలు బస్సులో మా దాకా వచ్చేవి. మేము ఇక్కడ మిగిల్చే గంటలన్నీ దారిలోనే పోయేవి. వాళ్లే చేసుకుంటే నయం. మేడం నన్ను వెళ్లమంది. చాచాకు చెబితే, "నేను సుత వస్త. ఇంట్ల కూసుంటే దుకాణంల కూసొమ్మంటున్నరు" అన్నాడు.

పొద్దున బస్సుకు బయల్దేరాం. కిటికీ సీటు ఆయనదే. నిర్మల్ దాటాక ఘాట్ మీద చలికి మఫ్లర్ చుట్టుకుని, నీళ్లు కొలత ప్రకారం గుటకలు వేస్తూ వచ్చాడు. కిడ్నీ డాక్టర్ చెప్పిన కొలత.

ల్యాబ్‌లో ఒక అమ్మాయి ఎదురొచ్చింది, కొత్తగా చేరిన టెక్నీషియన్. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో మరాఠీ వినబడుతోంది. మాకు కుర్చీలు వేసి, టీ తెప్పిస్తానంది. చాచా కూర్చోలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, గది అంతా ఒకసారి చూశాడు.

"టీ తర్వాత బిడ్డా. బిళ్లలు ఏ ఫ్రిజ్‌ల పెడ్తరు?"

ఆమె చూపించింది. తలుపు తెరిస్తే మందు బిళ్లల డబ్బాల పక్కన ఒక గిన్నెలో పెరుగు ఉంది. ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. చాచా గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఫ్రిజ్‌లో వేలాడుతున్న థర్మామీటర్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత ఒక ఖాళీ ప్లేట్ అడిగి తీసుకుని బల్ల ముందు కూర్చుని, ఆ అమ్మాయికి కనబడేలా మూతను ఒక పక్క నుంచి బొటనవేలంత ఎత్తాడు.